‘బాల్ బాగుంది, బాడీ లేదు’ అని ఇంటికి పంపేసిన పిల్లల కోసం ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాల బాధ్యులకు, స్కూల్ గేమ్స్ నిర్వాహకులకు, సెలెక్టర్లకు, అకాడమీలు నడిపే కోచ్‌లకు,

నమస్కారం.

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్ పీఈటీని. పంతొమ్మిదేళ్లుగా పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తున్నాను. ఒళ్లు చిన్నగా ఉందని పిల్లల్ని సెలెక్షన్స్‌లో తీసేయడం మీద ఇంతకుముందు రెండుసార్లు అర్జీ రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదాని గురించి ఫోన్ చేసి అడిగితే "చూద్దాం మేడమ్" అన్నారు. ఆ మాట విని ఏడాది దాటింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. మీలో చాలామంది సొంత డబ్బు పెట్టుకుని, ఆదివారాలు వదులుకుని ఈ ఆటను నిలబెడుతున్నవాళ్లే. ఆ గౌరవం మనసులో ఉంచుకునే అడుగుతున్నాను.

పిల్లలు ఒక వయసు విభాగం నుంచి పై విభాగానికి వెళ్లేటప్పుడు మనం ముందు చూసేది ఒడ్డూ పొడుగూ. అవి లేనివాళ్లను "బాడీ పెంచుకుని రా" అని పంపేస్తున్నాం. ఎలా పెంచుకోవాలో చెప్పడం లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పడం లేదు. అసలు ఆ వయసులో అది పిల్లాడి చేతిలో ఉన్న పనేనా అని కూడా ఆలోచించడం లేదు. బలం పెంచే బాధ్యతను జిమ్ నడిపేవాళ్లకూ, ప్రొటీన్ పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లకూ, ఫోన్లో కనిపించే వీడియోలకూ వదిలేశాం.

నా దగ్గర ఒక పిల్లాడు ఆడేవాడు. పేరు రాయను. తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుడుతుంది. డిసెంబర్‌లో పుట్టాడు. ముగ్గురు మీద పడ్డా తల ఎత్తి చూసి, ఖాళీగా ఉన్నవాడికి ఎడమ కాలితో పాస్ ఇచ్చేవాడు. ఆ తల ఎత్తడం నేను నేర్పలేదు, ఎవరూ నేర్పలేరు కూడా. అండర్-14లో మా జిల్లా టీమ్‌లో వాడే ముఖ్యం. మరుసటి ఏడాది అండర్-17 సెలెక్షన్స్‌కి తీసుకెళ్లాను. పదిహేను నిమిషాలు ఆడించారు. ఎదురుగా ఉన్న డిఫెండర్‌కు అప్పటికే మీసాలు వచ్చేశాయి. రెండుసార్లు భుజంతో నెట్టేసరికి మావాడు లైను అవతల పడ్డాడు. సెలెక్టర్ మంచి మనిషే. పిల్లాణ్ని దగ్గరికి పిలిచి, "బాల్ బాగుంది బేటా, బాడీ లేదు. పెంచుకుని వచ్చే ఏడు రా" అన్నారు.

ఆ మాట వాడు ఆజ్ఞలా తీసుకున్నాడు. తల్లి చీటీ ఎత్తి రూ.2,800 పెట్టి ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనిపెట్టింది. వాడు ఊరి సెంటర్‌లో ఉన్న జిమ్‌లో చేరాడు. అక్కడ పెద్దవాళ్లకు ఏం చేయిస్తారో వాడి చేతా అదే చేయించారు: భుజాల మీద రాడ్డు, రాడ్డుకు ప్లేట్లు, గుంజీళ్లు. మా స్కూల్ స్టోర్ రూమ్ గోడ మీద నేను పిల్లల ఎత్తు గీతలు గీస్తుంటాను. ఆ ఏడాది వాడి గీత తొమ్మిది సెంటీమీటర్లు పైకి జరిగింది. ఎముకలు అంత వేగంగా సాగుతున్న నెలల్లోనే నడుం మీద ఆ బరువు పడింది. పొద్దున జిమ్, సాయంత్రం గ్రౌండ్. మూడు నెలలకు నడుంనొప్పి. కండరం పట్టేసిందనుకుని బామ్ రాసుకుని ఇంకో నెల ఆడాడు. చివరికి స్కానింగ్ తీయిస్తే నడుము ఎముకలో సన్నటి పగులు కనిపించింది. ఫలానా దానివల్లే వచ్చిందని ఖచ్చితంగా చెప్పలేమని డాక్టర్‌గారు అన్నారు. కానీ పెరిగే వయసులో రోజూ ఆట, దానిపైన ఈ బరువులు, రెండూ కలిస్తే ఇలాంటివి వస్తాయన్నారు. నాలుగు నెలలు ఆట మానేయమన్నారు. నాలుగు నెలలయ్యాక కూడా వాడు గ్రౌండ్‌కి రాలేదు.

ఇప్పుడు వాడి ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. మీరు అడిగిన బాడీ వచ్చింది. సాయంత్రాలు మొబైల్ షాపులో కూర్చుంటున్నాడు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. జిమ్‌కు వెళ్తున్నానని వాడు నాకు చెప్పాడు. ఏం చేయిస్తున్నారో వెళ్లి చూడలేదు. ఆ రోజు నాకు ఏం అడగాలో కూడా సరిగా తెలియదు. తర్వాత తెలుసుకున్నదంతా కింద రాస్తున్నాను. ఇందులో రహస్యం ఏమీ లేదు, డాక్టర్లకూ క్రీడా శాస్త్రం చదివినవాళ్లకూ ఎప్పటినుంచో తెలిసిన సంగతులే. మన గ్రౌండ్‌ల దాకా రాలేదు, అంతే.

1. స్కూల్ గేమ్స్‌లో విభాగాలు అండర్-14, అండర్-17, అండర్-19. పద్నాలుగు దాటిన పిల్లాడు మరుసటి ఏడే పదిహేడుకు దగ్గరపడ్డవాళ్ల మధ్యకు వెళ్లాలి. బడి వయసులో అబ్బాయి ఒంట్లో ఆ మూడేళ్లలో వచ్చినంత మార్పు ఇంకెప్పుడూ రాదు. సరిగ్గా అక్కడే మనం అతి ఎత్తైన మెట్టు కట్టాం. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య యూత్ లీగుల్లో రెండేళ్ల మెట్లు ఉన్నాయి కదా అనవచ్చు. ఆ లీగుల్లో ఆడేది అకాడమీల పిల్లలు. మా మండలాల పిల్లలకు అందేది స్కూల్ గేమ్స్ ఒక్కటే.

2. పుట్టినరోజు ఒకటైనా ఒళ్లు ఒకటి కాదు. అబ్బాయిలు చాలామంది పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఒక్కసారిగా పొడుగు సాగుతారు. ఆ ఏడాదిలో ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల దాకా పెరగడం మామూలే. అమ్మాయిల్లో అది పన్నెండేళ్ల దగ్గరే వస్తుంది. కొందరికి ఏడాది రెండేళ్లు ముందు, కొందరికి ఏడాది రెండేళ్లు వెనక. రెండూ ఆరోగ్యమే, ఏదీ లోపం కాదు. కానీ పదమూడేళ్ల పిల్లలు ఇరవై మందిని నిలబెడితే ఎముకల ఎదుగుదలలో వాళ్ల మధ్య మూడు నాలుగేళ్ల తేడా ఉండొచ్చు. దీనికి తోడు వయసు లెక్కకు పెట్టిన జనవరి 1 గీత. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ కాగితం మీద ఒకే వయసు. ప్రపంచంలో చాలాచోట్ల లెక్క తీస్తే యూత్ టీముల్లో అలాంటి గీత దాటాక మొదటి మూడు నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. ప్రతిభ నెలలు చూసి పుట్టదు, మనం ఏరుకుంటున్న పద్ధతే అలా ఉంది. మా జిల్లా టీముల జాబితాలు తీసి పుట్టిన నెలలు ఒకసారి చూడండి. నేను చూశాను. చివరి మూడు నెలల పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆలస్యంగా ఎదిగినవాళ్లు ఏమవుతారో మనకు తెలియనిది కాదు. క్రొయేషియా ఆటగాడు లూకా మోడ్రిచ్‌ను చిన్నప్పుడు ఒక పెద్ద క్లబ్ మరీ బక్కగా ఉన్నాడని వద్దనుకుంది. 2018లో ప్రపంచంలోనే అత్యుత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నది ఆ మోడ్రిచ్చే. అంత దూరం ఎందుకు, సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. దేశం తరఫున తొంభైకి పైగా గోల్స్ కొట్టాడు. బెల్జియం ఫుట్‌బాల్ సంఘమైతే ఆలస్యంగా ఎదిగే పిల్లల కోసమే వేరే జాతీయ యూత్ టీమ్ నడుపుతోంది. ఇంగ్లండ్‌లో కొన్ని ప్రీమియర్ లీగ్ క్లబ్‌లు పిల్లల్ని పుట్టినతేదీని బట్టి కాక, పెద్దయ్యాక రావలసిన ఎత్తులో ఇప్పటికి ఎంత శాతం వచ్చిందో లెక్కవేసి, ఆ లెక్కన జట్లు చేసి ఆడించి చూశాయి. ఇవన్నీ విదేశీ ఖరీదు పద్ధతులని కొట్టిపారేయకండి. బెంగాల్‌లో ఒకప్పుడు నాలుగడుగుల పది అంగుళాల లోపు పిల్లలకని ఎత్తు కొలిచి మరీ టోర్నమెంట్లు పెట్టేవారు. వాళ్లకు కావలసి వచ్చింది ఒక కొలబద్ద.

3. "పెంచుకుని రా" అనే ముందు, పెంచుకోగలిగింది ఏమిటో తెలియాలి. ఒంటికి కండ పట్టించే హార్మోన్లు ఇంకా పనిలోకి దిగని పిల్లాడు ఎంత తిన్నా, ఎన్ని బరువులెత్తినా కండ పెద్దగా పెరగదు. అబ్బాయిల్లో ముందు పొడుగు సాగుతుంది, బరువూ కండా ఆ తర్వాతే అందుకుంటాయి. ఆ ఆరు నెలలో ఏడాదో ఆగాల్సిందే, దానికి అడ్డదారి లేదు. కానీ బలం వేరు. కండ పెరగకుండానే పిల్లల్లో బలం పెరుగుతుంది. ఉన్న కండను ఎలా వాడుకోవాలో నరాలు నేర్చుకోవడం వల్ల వచ్చే బలం అది. సరైన వ్యాయామం వారానికి రెండు మూడు రోజుల చొప్పున రెండు నెలలు చేస్తే తేడా కళ్లకు కనిపిస్తుంది. మానేస్తే మెల్లగా పోతుంది కూడా. కాబట్టి పదమూడేళ్లవాణ్ని "లావెక్కు" అనడం వాడి ఒంటికి సాధ్యం కానిది అడగడం. "బలం నేర్చుకో" అనడం అడగదగిన మాటే, అయితే ఆ నేర్పేది మనమే అయి ఉండాలి.

ఇక్కడ తల్లిదండ్రులకూ ఒక మాట. వ్యాయామం చేస్తే ఎత్తు ఆగిపోతుందని మా ఊళ్లలో గట్టి నమ్మకం. అలాంటిదేమీ లేదని పిల్లల డాక్టర్ల సంఘాలు స్పష్టంగా చెబుతున్నాయి. పక్కన తెలిసినవాళ్లు ఉండి, బరువు లేకుండా పద్ధతి నేర్పి, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచితే వచ్చే ప్రమాదం ఫుట్‌బాల్ ఆటలో వచ్చేదానికన్నా తక్కువ. ప్రమాదమంతా చూసేవాళ్లు లేకుండా, పద్ధతి రాకుండా, పక్కవాడితో పోటీపడి ఎత్తే బరువుల్లో ఉంది. మొదట నేర్పాల్సినవి ఇవి: గుంజీళ్లు, దండీలు, ఒంటికాలి మీద నిలబడడం, పెట్టె మీది నుంచి దూకి మోకాళ్లు లోపలికి వంగకుండా నేల మీద ఆగడం, జోడీగా ఒకరి చీలమండలు ఒకరు పట్టుకుంటే మోకాళ్ల మీద ముందుకు మెల్లగా వాలడం, బరువుసంచి మోసుకుని నడవడం. తాలింఖానాలు, అంటే పాతకాలపు వ్యాయామశాలలు, నడిచిన నేల ఇది. ఇందులో సగం మన తాతలకు తెలిసినవే.

4. పొడుగు సాగే ఏడాదిలో పిల్లలు తడబడతారు. నిన్నటిదాకా బాగా ఆడినవాడు ఉన్నట్టుండి బంతి జారవిడుస్తాడు, పరుగులో కాళ్లు మడతపడతాయి. ఎముక ముందు సాగి, కండరం, నరం వెనకబడడం వల్ల అలా అవుతుంది. మోకాలి చిప్ప కింద బొడిపెలా ఉబ్బి నొప్పి వస్తుంది, దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. మడమ వెనక నొప్పి వస్తుంది. ఈ నెలల్లో ఆట కొంచెం తగ్గించి, దూకుళ్లూ పరుగులూ చూసి చేయించాలి. మనం ఏం చేస్తున్నాం? సరిగ్గా ఈ నెలల్లోనే సెలెక్షన్స్ పెట్టి, "ఆట పడిపోయింది" అని రాస్తున్నాం. నొప్పి అన్న పిల్లాణ్ని "నాటకాలు" అంటున్నాం. నేనూ అన్నాను. ఆ మాటలు ఇప్పుడు గుర్తొస్తే నిద్ర పట్టదు.

ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది. ఇరవై నిమిషాలు పడుతుంది, బంతి తప్ప వేరే సామాను అక్కర్లేదు, రుసుమూ లేదు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల అమ్మాయిలు 1,892 మంది మీద చేసిన పరిశీలన 2008లో అచ్చయింది. ఆ వార్మప్ చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. చిన్నపిల్లలకు దాని రూపం వేరే ఉంది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో నాకు ఏ శిక్షణ తరగతిలోనూ దీని పేరు ఎవరూ చెప్పలేదు.

5. పళ్లెం సంగతి. ఇది కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే "బాడీ లేదు" అన్న మాటకు అసలు జవాబు మా పిల్లల పళ్లెంలోనే ఉంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయికి రోజుకు సుమారు 2,860 కిలో కేలరీలు, 45 గ్రాముల ప్రొటీన్ కావాలి. 16 నుంచి 18 ఏళ్లకు అది 3,320 కిలో కేలరీలు, 55 గ్రాములు. అంటే అండర్-14 నుంచి అండర్-17కు మారేటప్పుడు తిండి అవసరమే ఒక్కసారిగా పెరుగుతుంది. ఇది మామూలు పిల్లల లెక్క. రోజూ రెండు గంటలు పరిగెత్తేవాడికి ఇంకా ఎక్కువే కావాలి. మధ్యాహ్న భోజనంలో హైస్కూల్ చిన్న తరగతుల పిల్లలకు కేంద్రం నిర్ణయించింది 700 కిలో కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. మిగతాదంతా ఇంట్లోంచి రావాలి.

మా స్కూల్‌లో పిల్లలు ఒంటిగంటకు తింటారు. ప్రాక్టీస్ అయిదింటికి మొదలవుతుంది. ఇంటికి చేరేసరికి ఏడున్నర. ఆరున్నర గంటలు ఏమీ తినకుండా, అందులో గంటన్నర పరుగు. కొందరు పొద్దున చాయ్‌లో బన్ను ముంచుకుని తిని వస్తారు. ఇలాంటి పిల్లాడికి బాడీ ఎక్కణ్నుంచి వస్తుంది? తిన్నది పరుగుకే సరిపోదు, పెరగడానికి ఏం మిగులుతుంది? అందుకే రెండేళ్లుగా నేనూ ఇంకో ఇద్దరు టీచర్లూ కలిసి ప్రాక్టీస్‌కు ముందు గుప్పెడు పల్లీలూ అరటిపండూ, అయ్యాక ఉడకబెట్టిన శనగలో గుడ్డో పెడుతున్నాం. ముందు పిల్లలు మానకుండా ప్రాక్టీస్‌కు రావడం మొదలైంది. ఆ తర్వాత గోడ మీద గీతలతో పాటు తూకం కూడా కదిలింది. దీనికి పిల్లాడికి రోజుకు పదిహేను రూపాయలు దాటదు.

6. ఇక డబ్బా. ఆ తల్లి పెట్టిన రూ.2,800తో, గుడ్డు ఏడు రూపాయలనుకుంటే, నాలుగు వందల గుడ్లు వస్తాయి. ఒక్కో గుడ్డులో సుమారు ఆరు గ్రాముల ప్రొటీన్. మొత్తం 2,400 గ్రాములు. కిలో డబ్బా మొత్తంలో ఉన్నది దాని మూడో వంతు కన్నా తక్కువే ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ప్రొటీన్ పౌడర్ల జోలికి పోవద్దనే చెప్పింది. కొన్ని అకాడమీల్లో కోచ్‌లే వాటిని రాసిస్తున్నారని, కొన్నిచోట్ల అమ్ముతున్నారని కూడా తల్లిదండ్రులు నాతో చెప్పారు.

ఖర్చు ఒక్కటే కాదు బాధ. డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయ్యే సందర్భాలున్నాయి. నిషేధిత పదార్థం ఒంట్లో దొరికితే, తెలియక తిన్నానన్న మాటతో ఆటగాడు బయటపడలేడు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమం అలాంటిది. అన్ని క్రీడలూ కలిపి 2023లో మన దేశంలో పరీక్షించిన అయిదు వేలకు పైగా నమూనాల్లో 3.8 శాతం పాజిటివ్ వచ్చాయి. పెద్ద ఎత్తున పరీక్షలు చేసే దేశాల్లో అంత శాతం ఇంకెక్కడా లేదు. ఊరి షాపులో కొన్న డబ్బా వల్ల పదహారేళ్ల పిల్లాడి పేరు ఆ లెక్కలో చేరితే ఎవరు జవాబు చెప్తారు? కొనిచ్చిన తల్లా?

7. అమ్మాయిల విషయంలో "బాడీ లేదు" అన్న మాట వేరేలా బాధిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. గ్రౌండ్‌లో రెండో సగానికి చతికిలబడే అమ్మాయిని "స్టామినా లేదు" అని తీసేస్తున్నాం. ఆ పిల్లకు కావలసింది ముందు రక్త పరీక్ష. ఎదిగే వయసులో బరువు పెరగడం ఆడపిల్లల ఒంటికి సహజం. దాన్ని చూసి "లావయ్యావు, తగ్గు" అనే కోచ్‌లూ ఉన్నారు. అది విని రాత్రి అన్నం మానేసిన పిల్లలు నాకు తెలుసు. మోకాలి లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే కట్టు) తెగడం ఈ వయసు అమ్మాయిల్లో అబ్బాయిల కన్నా ఎక్కువ. తొడ వెనక కండరాల బలం, దూకి సరిగా ఆగే పద్ధతి నేర్పితే అందులో చాలావరకు ఆపొచ్చు. మా జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య భారత జట్టు జెర్సీ వేసుకున్నాక మా స్కూల్‌లో ఫుట్‌బాల్ అడిగే ఆడపిల్లల సంఖ్య పెరిగింది. వాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర ఏముందో చెప్పండి.

8. వయసు మోసం. దొంగ సర్టిఫికెట్లతో పెద్దవాళ్లు చిన్న విభాగాల్లో ఆడుతున్నంత కాలం నిజంగా పద్నాలుగేళ్లున్నవాడు బక్కగానే కనిపిస్తాడు. దీన్ని పట్టుకోవడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారు, అది మంచి పనే. కానీ ఆ ఎక్స్‌రేలోనే ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఎవరి ఎముకలు వయసు కన్నా వెనక ఉన్నాయో, ఎవరికి ఇంకా ఎదగడానికి చాలా ఉందో అది చూపిస్తుంది. మోసగాణ్ని బయటికి పంపి ఫైలు మూసేస్తున్నాం. ఆలస్యంగా ఎదిగే పిల్లాడి ఇంట్లోవాళ్లకు "మీవాడికి ఇంకా టైముంది, కంగారు పడకండి" అని ఒక్క మాట చెప్పడం లేదు. ఆ ఒక్క మాట ఉంటే మా పిల్లాడు జిమ్‌కు పరిగెత్తేవాడు కాదు.

ఇవీ మా డిమాండ్లు. "మా" అంటున్నది నాతో పాటు ఈ జిల్లాలో పనిచేసే ఇంకొందరు పీఈటీలనూ, పిల్లల తల్లిదండ్రులనూ కలుపుకునే.

1. సెలెక్షన్ షీటులో "బాడీ లేదు", "ఫిజిక్ లేదు" అన్నది కారణంగా రాయకూడదు, చెప్పకూడదు. ఆటలో ఏం తక్కువైందో రాయండి. తీసుకోని ప్రతి పిల్లాడికీ అది కాగితం మీద ఇవ్వండి. ఆట బాగుండి ఒళ్లు మాత్రమే చిన్నగా ఉన్నవాళ్లను ఆరు నెలల తర్వాత మళ్లీ పిలిచి చూడండి. ప్రతి జిల్లా క్యాంపులో కనీసం నాలుగు చోట్లు ఆలస్యంగా ఎదిగే పిల్లలకు ఉంచండి. వాళ్లు వెంటనే మ్యాచ్ ఆడకపోయినా సరే, ఆటకు దూరం కాకుండా ఉంటారు.

2. నమోదైన ప్రతి పిల్లాడికీ, పిల్లకూ మూడు నెలలకోసారి ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, బరువు కొలిచి కార్డులో రాయండి. టేపు, స్టూలు, తూకం ఉంటే చాలు. ఎవరు పొడుగు సాగే దశలో ఉన్నారో ఆ మూడు అంకెలతోనే తెలుస్తుంది. క్యాంపు కోచ్ ఆ కార్డు చూసే ట్రైనింగ్ ఇవ్వాలి.

3. జిల్లా స్థాయిలో అండర్-14కూ అండర్-17కూ మధ్య ఒక మెట్టు కట్టండి. రాష్ట్రస్థాయిలో కుదరకపోయినా జిల్లాల్లో అండర్-15 లీగ్ పెట్టొచ్చు. ఏడాదికి ఒక్క టోర్నమెంటైనా ఎత్తును బట్టి జట్లు చేసి ఆడించండి. ముందుగా ఎదిగినవాళ్లకు కూడా అది మంచిదే. ఇప్పటిదాకా బలంతో నెట్టుకొచ్చినవాడు సమానమైనవాళ్ల మధ్య ఆట నేర్చుకోవాల్సి వస్తుంది.

4. ప్రతి పీఈటీకీ, ప్రతి లైసెన్స్ కోచ్‌కూ ఏడాదికి రెండు రోజులు పిల్లల బలం, ఎదుగుదల మీద శిక్షణ ఇవ్వండి. తెలుగులో ఒక చిన్న పుస్తకం బొమ్మలతో అచ్చు వేయండి. అనుమతి ఉన్న ప్రతి క్యాంపులో ఫిఫా 11 ప్లస్ తప్పనిసరి చేయండి. ఒంటి బరువుతో చేసే వ్యాయామాలు తప్పు లేకుండా చేయడం వచ్చే వరకూ ఏ పిల్లాడి భుజం మీదా రాడ్డు పెట్టకూడదని రాసి అంటించండి.

5. క్యాంపులో ఏం పెడుతున్నారో మెనూ బయట పెట్టండి. ప్రాక్టీస్‌కు ముందు, తర్వాత తిండి ఉండాలి. జిల్లా క్రీడా నిధుల నుంచి స్కూల్ గ్రౌండ్‌లకు పిల్లాడికి రోజుకు పదిహేను రూపాయలు ఇవ్వమని ప్రభుత్వాన్ని మీరు అడగండి. మేం అడిగితే వినడం లేదు.

6. ఏ అకాడమీలోనూ కోచ్‌లు పౌడర్లు రాసివ్వకూడదు, అమ్మకూడదు. అలా చేసిన అకాడమీ గుర్తింపు ఆపండి. రాష్ట్ర క్యాంపుల్లో డోపింగ్ గురించి తల్లిదండ్రులతో కలిపి తెలుగులో ఒక తరగతి పెట్టించండి.

7. అమ్మాయిల క్యాంపులకు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష, తక్కువ ఉంటే మందులు, బాగయ్యాక మళ్లీ పిలుపు. బరువు గురించి మాట్లాడే ముందు మహిళా సిబ్బంది ఒకరు పక్కన ఉండాలి.

8. వయసు పరీక్షకు తీసిన ఎక్స్‌రే ఫలితం పిల్లాడి ఇంట్లోవాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి.

డబ్బు లేదంటారేమోనని పైన ఏది రాసినా ఖర్చు చూసుకునే రాశాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన భారత జట్ల కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. బలరాం, యూసుఫ్ ఖాన్ లాంటివాళ్లు ఆ ఊరి మైదానాల నుంచే ఆ జట్లలోకి వెళ్లారు. ఆ రోజుల్లో మనకేం జిమ్‌లు లేవు. పిల్లల్ని దగ్గరుండి చూసేవాళ్లు ఉండేవాళ్లు.

తొమ్మిదేళ్లుగా గోడ మీద గీసిన ఎత్తు గీతలన్నీ నేను రిజిస్టర్‌లో కూడా రాసి ఉంచాను. పుట్టిన నెలలు, ఎవరు సెలెక్ట్ అయ్యారు, ఎవరు ఆట మానేశారు, అన్నీ అందులో ఉన్నాయి. పిలిస్తే తెచ్చి చూపిస్తాను, ఛార్జీలు నేనే పెట్టుకుంటాను.

ఈ ఏడు మా స్కూల్ నుంచి ముగ్గురు అండర్-14 దాటుతున్నారు. అందులో ఒకడు నవంబర్‌లో పుట్టాడు, ముప్పై ఎనిమిది కిలోలు. గోడ మీద వాడి గీత ఇంకా కదలడం మొదలుపెట్టలేదు. వాళ్లమ్మ నిన్న వచ్చి, "డబ్బా ఏమన్నా కొనాలా మేడమ్" అని అడిగింది. వద్దని చెప్పి పంపాను. సెలెక్షన్స్ నోటిఫికేషన్ వచ్చేలోపు మీ జవాబు కావాలి, వాణ్ని ఆ గ్రౌండ్‌కి తీసుకురావాలో వద్దో నేను నిర్ణయించుకోవాలి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నిజామాబాద్ జిల్లా